మసక ఫోటోని లెక్కలు ఎంతవరకు బాగుచేస్తాయి? ఊహ ఎక్కడ మొదలవుతుంది?



మన సినిమాల్లో ఒక సీన్ పదే పదే వస్తుంటుంది. పోలీస్ కంట్రోల్ రూమ్, గోడ నిండా స్క్రీన్లు. హీరో వచ్చి "అక్కడ ఆపు. జూమ్ చెయ్. ఇంకా జూమ్ చెయ్" అంటాడు. పక్కనున్న టెక్నీషియన్ టకటకా నాలుగు బటన్లు నొక్కుతాడు. అంతే, ఇందాకటి వరకు బూడిద ముద్దలా ఉన్న నంబర్ ప్లేట్ అద్దంలా కనిపిస్తుంది.

ఇది పూర్తిగా అబద్ధమా? కాదు. పూర్తిగా నిజమా? అదీ కాదు. మసకగా ఉన్న ఫోటో నుంచి నిజమైన వివరాలు బయటకి తీసే లెక్కలు ఉన్నాయి. మీ ఫోన్ రోజూ వాడుతోంది. కానీ ఆ లెక్కలకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక ఏ యాప్ అయినా చేసేది ఊహే. ఆ హద్దు ఎక్కడుందో తెలియకపోతే రెండు రకాలుగా నష్టపోతాం. యాప్ గీసిన ముఖాన్ని నిజం అనుకుని ఎవరినో అనుమానిస్తాం. లేదా "బ్లర్ చేశాను కదా" అనుకుని మన ఆధార్ నంబర్ ఊరందరికీ పంచేస్తాం. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు తేడా తెలుసుకుందాం: నాయిస్ వేరు, బ్లర్ వేరు

కంప్యూటర్‌కి ఫోటో అంటే అంకెల గళ్లు, అంతే. బ్లాక్ అండ్ వైట్ ఫోటో అయితే ఒక్కో గడిలో 0 నుంచి 255 వరకు ఒక అంకె. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. ఆ ఒక్కో గడినే పిక్సెల్ అంటాం.

నాయిస్ అంటే ఆ అంకెలు తలా ఒక దిక్కుకి కొంచెం తప్పడం. 50 ఉండాల్సిన చోట 47, పక్కన 54. రాత్రి ఫోటోల్లో ఇసక చల్లినట్టు కనిపిస్తుంది చూడండి, అదే. బ్లర్ అంటే ఒక పిక్సెల్‌కి రావాల్సిన వెలుతురు పక్క పిక్సెల్స్‌లోకి కారిపోవడం. తడి కాగితం మీద ఇంకు పాకినట్టు అన్నమాట. చెయ్యి కదిలినా, ఫోకస్ తప్పినా జరిగేది ఇదే.

రాత్రిపూటే నాయిస్ ఎందుకు ఎక్కువ? వర్షం పడేటప్పుడు డాబా మీద ఒకే సైజు గ్లాసులు వరసగా పెట్టారనుకోండి. జోరు వానలో అన్ని గ్లాసులూ దాదాపు సమానంగా నిండుతాయి. నాలుగు చినుకులే పడితే? ఒక దాంట్లో 9 చుక్కలు, ఇంకో దాంట్లో 13. కెమెరా సెన్సర్ మీద వెలుతురు కూడా చినుకుల్లాగే పడుతుంది, వాటి పేరు ఫోటాన్లు. సగటున 100 ఫోటాన్లు పడే చోట తేడా సుమారు 10 ఉంటుంది, అంటే 10 శాతం. 10,000 పడే చోట తేడా సుమారు 100, అంటే 1 శాతమే. స్క్వేర్ రూట్ లెక్క, అంతే. కాబట్టి చీకట్లో వచ్చే నాయిస్ అంతా మీ కెమెరా తప్పు కాదు. ఎంత ఖరీదైన ఫోన్ అయినా చినుకుల లెక్కని మార్చలేదు.

నాయిస్ తీసే ఫిల్టర్లు

అన్నిటికంటే సింపుల్ ఫిల్టర్ సగటు. ఒక పిక్సెల్‌నీ, చుట్టూ ఉన్న 8 పిక్సెల్స్‌నీ కలిపి 9తో భాగించి, వచ్చిన విలువ మధ్యలో పెట్టండి. ప్లస్ తప్పులు, మైనస్ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గోడ, ఆకాశం లాంటి సాదా భాగాల్లో ఇది బాగా పనిచేస్తుంది. కానీ కనురెప్ప వెంట్రుక దగ్గర? నల్లటి వెంట్రుకా, పక్కనున్న చర్మమూ కలిసిపోతాయి. నాయిస్ తీయబోయి మనమే బ్లర్ చేశాం!

ఇంకో ఫిల్టర్ ఉంది, దాని పేరు మీడియన్. సగటు తీయకుండా అంకెల్ని వరసలో పెట్టి నడిమి దాన్ని తీసుకోవడం. ఒక ఉదాహరణ చూడండి: 50, 52, 51, 255, 49. ఇందులో 255 అనేది ఎక్కడి నుంచో వచ్చి పడ్డ తెల్ల చుక్క. సగటు తీస్తే 91.4 వస్తుంది. ఒక్క దొంగ అంకె మొత్తాన్ని చెడగొట్టింది. మీడియన్ తీస్తే 51. దొంగ అంకె బయటికి పోయింది. ఉప్పూ మిరియాలు చల్లినట్టు చుక్కలు పడ్డ ఫోటోలకి మీడియన్ చాలా బాగుంటుంది. కానీ సన్నటి గీతలు ఉంటే వాటిని కూడా ఇది చుక్కలే అనుకుని మింగేస్తుంది.

మరి వివరాలు పోకుండా నాయిస్ తగ్గించే దారి లేదా? ఉంది. పక్క పిక్సెల్స్‌తో కాకుండా, అదే పిక్సెల్‌ని మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీయడం. మీ ఫోన్‌లో నైట్ మోడ్ చేసే ముఖ్యమైన పని ఇదే. బటన్ నొక్కగానే "ఫోన్ కదపకండి" అని వస్తుంది కదా, ఆ టైమ్‌లో అది వరసగా చాలా ఫోటోలు తీస్తుంది. మీ చెయ్యి ఎంత వణికిందో లెక్కేసి వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి కలుపుతుంది. 9 ఫోటోలు కలిపితే నాయిస్ మూడో వంతుకి తగ్గుతుంది. 16 కలిపితే నాలుగో వంతుకి. మళ్లీ స్క్వేర్ రూటే. ఇక్కడ ఫోన్ దేన్నీ ఊహించట్లేదు, నిజంగానే ఎక్కువ వెలుతురు పోగు చేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫిల్టర్ ఊరికే రాదు

ఫిల్టర్ అనగానే ఫోటో ఒక్కటే అనుకోకండి. ఆస్పత్రిలో తీసే ఈసీజీ కూడా సిగ్నలే. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అదే 50 హెర్ట్జ్. ఆ ఊపు ఈసీజీ వైర్లలోకి చేరి గీత మీద సన్నటి వణుకులా కనిపిస్తుంది. మెషీన్‌లో ఉండే ఒక ఫిల్టర్ సరిగ్గా ఆ 50 హెర్ట్జ్‌ని మాత్రమే కోసేస్తుంది. దాన్ని నాచ్ ఫిల్టర్ అంటారు.

బాగుంది కదా అని గీతని ఇంకా నున్నగా చేస్తే ఏమవుతుంది? గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే సూది లాంటి శిఖరం ఎత్తు తగ్గిపోతుంది. గీత మెల్లగా పైకీ కిందకీ తేలకుండా చేసే ఫిల్టర్‌ని ఎక్కువగా వాడితే, డాక్టర్లు గుండెపోటు గుర్తుల కోసం చూసే ఎస్‌టీ భాగం ఆకారమే మారిపోవచ్చు. గీత చూడ్డానికి అందంగా ఉంటుంది, అర్థం మాత్రం మారిపోతుంది. ప్రతి ఫిల్టర్ దగ్గరా ఇదే బేరం. నాయిస్‌తో పాటు సిగ్నల్ కూడా కొంత పోతుంది. ఎంత పోయినా పర్లేదో మనమే తేల్చుకోవాలి.

బ్లర్‌ని వెనక్కి తిప్పడం

ఇప్పుడు అసలు కథ. బ్లర్ అయిన ఫోటోని మళ్లీ స్పష్టంగా చేయొచ్చా?

పేపర్ మీద చేసి చూద్దాం. ఒక వరసలో అయిదు పిక్సెల్స్: 10, 10, 90, 90, 10. మన బ్లర్ ఏంటంటే, ప్రతి పిక్సెల్ తన విలువకీ ఎడమ పక్క పిక్సెల్ విలువకీ సగటుగా మారుతుంది. మొదటిది 10 అలాగే ఉంటుంది. రెండోది 10, మూడోది 50, నాలుగోది 90, అయిదోది 50. అంటే ఇప్పుడు మన దగ్గర ఉన్నది 10, 10, 50, 90, 50. ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అనే అంచు చెదిరిపోయింది.

వెనక్కి వెళ్దాం. మొదటిది 10 అని తెలుసు. రెండోదాన్ని రెండింతలు చేసి, అందులోంచి మొదటిది తీసేస్తే 10. మూడోది: 100 లోంచి 10 తీస్తే 90. నాలుగోది: 180 లోంచి 90 తీస్తే 90. అయిదోది: 100 లోంచి 90 తీస్తే 10. చూశారా! అసలు ఫోటో పొల్లు పోకుండా తిరిగొచ్చింది. బీటెక్‌లో ఈసీఈ వాళ్లకి 'సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్'లో కాన్వల్యూషన్ అని భయపెట్టేది ఈ బ్లరే. దాన్ని వెనక్కి తిప్పడాన్ని డీకాన్వల్యూషన్ అంటారు.

ఇప్పుడు చిన్న నాయిస్ కలుపుదాం. మూడో పిక్సెల్ 50 బదులు 51 అయింది. కేవలం 1 తప్పు. మళ్లీ వెనక్కి లెక్కేయండి. మూడోది 92 వస్తుంది. నాలుగోది 180 లోంచి 92 తీస్తే 88. అయిదోది 100 లోంచి 88 తీస్తే 12. ఒక్క చోట 1 తప్పితే, అక్కడి నుంచి ప్రతి పిక్సెల్‌లోనూ 2 తప్పు. నిజం ఫోటోలో ఒక వరసకి 4,000 పిక్సెల్స్ ఉంటే ఈ తప్పు చివరిదాకా పాకుతుంది. పైగా ప్రతి పిక్సెల్ తన సొంత తప్పుని దీనికి కలుపుతూ పోతుంది. చివరికి మిగిలేది చెత్త.

కాబట్టి బ్లర్ ఒక్కటే ఉంటే పెద్ద సమస్య కాదు. నాయిస్ ఒక్కటే ఉన్నా పర్లేదు. రెండూ కలిస్తేనే తలనొప్పి.

వీనర్ చెప్పిన రాజీ సూత్రం

ఈ తలనొప్పికి మంచి మందు రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో దొరికింది. అమెరికాలో ఎంఐటీలో నార్బర్ట్ వీనర్ అనే గణిత శాస్త్రవేత్త ఉండేవాడు. శత్రు విమానాన్ని కొట్టాలంటే, గుండు చేరే సమయానికి విమానం ఎక్కడ ఉంటుందో ముందే లెక్కేయాలి. కానీ చేతికొచ్చే కొలతల నిండా నాయిస్. వీనర్ 1942లో దీని మీద ఒక రహస్య నివేదిక రాశాడు. అట్ట పసుపు రంగు, లోపల లెక్కలు ఘోరం. అందుకే ఇంజినీర్లు దానికి 'ఎల్లో పెరిల్', అంటే పచ్చ గండం అని పేరు పెట్టారు. అది 1949లో పుస్తకంగా బయటికొచ్చింది. సోవియట్ యూనియన్‌లో కోల్మోగొరోవ్ కూడా దాదాపు అదే కాలంలో, విడిగా, ఇలాంటి ఫలితాలే సాధించాడు.

లెక్కలు పక్కన పెట్టి, వీనర్ ఫిల్టర్ ఏం చేస్తుందో ఒక్క మాటలో చెప్తా. ఫోటోలో రకరకాల వివరాలు ఉంటాయి. పెద్ద పెద్ద ఆకారాలు ఒక రకం, సన్నటి గీతలు ఇంకో రకం. ఒక్కో రకం వివరాన్నీ చూసి "ఇక్కడ సిగ్నల్ బలంగా ఉందా, నాయిస్ బలంగా ఉందా" అని అడుగుతుంది. సిగ్నల్ బలంగా ఉంటే బ్లర్‌ని ధైర్యంగా వెనక్కి తిప్పుతుంది. నాయిస్‌దే పైచేయి అయితే దాన్ని పెంచకుండా వదిలేస్తుంది. అత్యాశ పడకు, దొరికినంత తీసుకో అని చెప్పే ఫిల్టర్ ఇది. తర్వాత ఇదే ఆలోచన ఫోటోలకి కూడా వచ్చింది.

హబుల్ కథ

దీనికి పెద్ద పరీక్ష 1990లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 24న హబుల్ స్పేస్ టెలిస్కోప్‌ని పంపారు. రెండు నెలలకే అసలు విషయం బయటపడింది. ఫోటోలు మసకగా వస్తున్నాయి! 2.4 మీటర్ల అద్దాన్ని అరగదీసినప్పుడు అంచు దగ్గర సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదును అయింది. అంటే తల వెంట్రుక మందంలో దాదాపు 50వ వంతు. అంత చిన్న తప్పుకే, నక్షత్రం నుంచి వచ్చే వెలుతురులో 70 శాతం దాకా మధ్య చుక్కలో పడాల్సింది, 15 శాతమే పడింది. మిగతాదంతా చుట్టూ చెదిరిపోయింది.

రిపేర్ మిషన్ వెళ్లేదాకా శాస్త్రవేత్తలు ఊరికే కూర్చోలేదు. వాళ్లకి ఒక అదృష్టం ఉంది. నక్షత్రం అంటే ఒక చుక్క. ఆ చుక్క ఫోటోలో ఎలా చెదిరిందో చూస్తే బ్లర్ ఆకారం తెలిసిపోతుంది. దాంతో రిచర్డ్‌సన్–లూసీ పద్ధతి లాంటివి వాడారు. దాన్ని విలియం రిచర్డ్‌సన్ 1972లో, లియాన్ లూసీ 1974లో ఎవరికి వారు కనిపెట్టారు. పద్ధతి ఇలా ఉంటుంది: అసలు ఫోటో ఎలా ఉంటుందో ఒక అంచనా వేయి. ఆ అంచనాని తెలిసిన బ్లర్‌తో మసక చేయి. వచ్చినదాన్ని కెమెరా తీసిన ఫోటోతో పోల్చు. తేడా ఉన్న చోట సరిదిద్దు. మళ్లీ మొదటి నుంచి చేయి. కొన్ని రౌండ్లు తిరిగేసరికి వివరాలు తేలతాయి. మరీ ఎక్కువ రౌండ్లు తిప్పితే మాత్రం నాయిస్‌ని కూడా వివరమే అనుకుని చుక్కలు పుట్టిస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియాలి.

ఫలితం? బాగా వెలిగే వాటి ఫోటోలు చక్కగా మెరుగయ్యాయి. మసక మసకగా, చాలా దూరాన ఉన్నవి మాత్రం తిరిగి రాలేదు. ఎందుకంటే వాటి కొద్దిపాటి వెలుతురు చెదిరిపోయి నాయిస్ కింద మునిగిపోయింది. చివరికి 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి, అద్దం తప్పుని సరిచేసే ఆప్టిక్స్ బిగించి రావాల్సి వచ్చింది. లెక్కలు అంత బాగా పనిచేసినా వాళ్లని అంతరిక్షంలోకి ఎందుకు పంపారు? పోయిన సమాచారాన్ని లెక్కలు పుట్టించలేవు కాబట్టి.

హద్దు దాటాక ఏఐ ఏం చేస్తుంది?

రెండు పిక్సెల్స్ కలిసి ఒకటైపోయి 50 అయింది అనుకోండి. అసలు ఏముండేది? 50, 50 కావచ్చు. 20, 80 కావచ్చు. 0, 100 కూడా కావచ్చు. అన్నిటి సగటూ 50యే. మన దగ్గర ఉన్న అంకె ఒక్కటే అయినప్పుడు ఏది నిజమో చెప్పే లెక్క ఈ భూమ్మీద లేదు.

ఇక్కడ ఏఐ ఏం చేస్తుందంటే, లక్షల ఫోటోలు చూసిన అనుభవంతో "ఇలాంటి చోట మామూలుగా 20, 80 ఉంటుంది" అని నింపేస్తుంది. అందంగా ఉంటుంది. కానీ అది మీ ఫోటోలోది కాదు, దాని అనుభవంలోది.

2023 మార్చిలో ఒకతను చంద్రుడి ఫోటోని కావాలనే బాగా మసక చేసి, కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి, దూరం నుంచి శాంసంగ్ ఫోన్‌తో తీశాడు. స్క్రీన్ మీద లేని గుంటలు, మచ్చలు ఫోన్ ఫోటోలో కనిపించాయి! చంద్రుడిని గుర్తుపట్టి, వివరాలు పెంచడానికి ఏఐ వాడతామని కంపెనీ కూడా వివరించింది. చంద్రుడి విషయంలో పర్లేదు, అందరికీ ఒకే చంద్రుడు. మరి మనిషి ముఖం అయితే?

2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 'పల్స్' అనే టూల్ తెచ్చారు. గళ్లు గళ్లుగా ఉన్న చిన్న ఫోటో ఇస్తే స్పష్టమైన ముఖం గీసి ఇస్తుంది. దానికి ఎవరో బరాక్ ఒబామా చిన్న ఫోటో ఇచ్చారు. చూసిన ఎవరైనా ఒబామా అని చెప్పేస్తారు. టూల్ మాత్రం ఒక తెల్లజాతి మనిషి ముఖం ఇచ్చింది. లెక్క ప్రకారం అది తప్పు కాదు, ఆ ముఖాన్ని చిన్నది చేస్తే అవే గళ్లు వస్తాయి. కానీ మనిషే వేరు.

ఇప్పుడు ఆలోచించండి. మీ వాడ గ్రూపులో సీసీటీవీ క్లిప్‌ని ఏఐతో "క్లియర్" చేసి, "దొంగ ఇతనే" అని ఎవరో పంపారు. ఆ ముఖం ఎవరిది? బహుశా ఈ లోకంలో ఎవరిదీ కాదు. కానీ ఆ పోలికలున్న ఒక అమాయకుడు పక్క వీధిలో ఉండొచ్చు.

మనం ఏం చేయాలి?

ఒకటి. బైక్ పోయింది, సీసీటీవీలో ప్లేట్ మసకగా ఉంది అనుకోండి. స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపకండి. ప్రతి అడుగులోనూ సమాచారం పోతుంది. డీవీఆర్ నుంచి ఒరిజినల్ ఫైల్ తీసి పోలీసులకి ఇవ్వండి. ఒకే ప్లేట్ చాలా ఫ్రేముల్లో ఉంటే, నైట్ మోడ్ లాగే వాటిని కలిపి నిజమైన వివరం తీసే అవకాశం ఉంది. "ఇది 3 గానీ 8 గానీ" అన్నంత తేలినా బండి మోడల్, రంగుతో కలిపి వెతకొచ్చు.

రెండు. ఆధార్, బ్యాంక్ వివరాల మీద బ్లర్ గానీ మొజాయిక్ గానీ నమ్మకండి. ఇందాక పోయిన సమాచారం రాదు అన్నాను కదా, మరి ఇదేంటి అంటారేమో. అంకె అయితే అవకాశాలు 10 మాత్రమే. ఫాంట్ కూడా తెలిసిందే. 0 నుంచి 9 దాకా అన్నిటినీ అదే రకంగా మసక చేసి, ఏది సరిపోయిందో పోల్చి చూస్తే చాలు. ముఖానికి కోట్ల అవకాశాలు, అంకెకి పదే. అందుకే దాచాలంటే పూర్తి నల్ల డబ్బా పెట్టండి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాటే పంపండి. పెన్ టూల్‌తో పైపైన గీస్తే కొన్నిసార్లు కింద అంకెలు లీలగా మిగులుతాయి. ఆధార్ అయితే ఇంకా సులువు. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ని యూఐడీఏఐ సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

మూడు. ముఖ్యమైన ఫోటోకి ఏ ఫిల్టర్ వేసినా ఒరిజినల్ డిలీట్ చేయకండి. ఫిల్టర్ తీసేసింది మళ్లీ రాదు. రేపు ఇంకా మంచి ఫిల్టర్ వచ్చినా దానికి కావాల్సింది ఒరిజినలే.

ఇకపై ఏ యాప్ అయినా మసక ఫోటోని తళతళలాడించి ఇస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వివరం ఫోటోలో దాక్కుని ఉన్నదా, యాప్ తన దగ్గర నుంచి తెచ్చిపెట్టిందా? పెళ్లి ఫోటో, ప్రొఫైల్ పిక్ అయితే ఏదైనా ఓకే. ఒకరి పేరో, ఒకరి ఆరోగ్యమో దాని మీద ఆధారపడి ఉంటే మాత్రం జవాబు దొరికేదాకా ఫార్వర్డ్ నొక్కకండి.

ఇవాళ్టికి ఇంతే. ఆ అయిదు పిక్సెల్స్ లెక్కని పేపర్ మీద ఒకసారి చేసి చూడండి, రెండు నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై!